ప్రింటర్ విప్పితే కొంప మునగదు

‘కి’ ఎక్కడ, ‘కు’ ఎక్కడ అనే పాఠం ఇంకోసారి రాస్తాను. ఈసారి గొడవ పెట్టుకుందామని వచ్చాను.

గొడవ ఎవరితో అంటే, “ప్రింటర్ పాడైంది, పారేసి కొత్తది కొందాం” అనేవాళ్ళతో. “దాన్ని మనం విప్పకూడదు, కంపెనీ మనిషే విప్పాలి” అనేవాళ్ళతో. వాళ్ళలో మా కమిటీ వాళ్ళు ఉన్నారు. నాకు బాగా కావలసినవాళ్ళు ఉన్నారు. ఇది చదువుతున్న మీరు కూడా ఉండొచ్చు. కోపం తెచ్చుకోండి, కానీ పూర్తిగా చదివాక తెచ్చుకోండి.

సంగతి ఇది. న్యూజెర్సీలో మేము నడిపే ఆదివారం తెలుగు క్లాసుకి ఒక పెద్ద ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే రకం కాదు. 44 అంగుళాల వెడల్పు రోల్ కాగితం పడుతుంది. కాళ్ళ మీద నిలబడి చిన్న మంచం అంత ఉంటుంది. ఒక ఆర్కిటెక్టు గారు తన ఆఫీసు మూసేస్తూ మాకు ఊరికే ఇచ్చారు. ఆరేళ్ళుగా మా క్లాసు గోడల మీద ఉన్నవన్నీ దాంట్లోంచి వచ్చినవే. గుణింతాల చార్టులు, చుట్టరికాల చార్టు (మేనత్త ఎవరు, పిన్ని ఎవరు, ఎవరిని ‘గారు’ అనాలి), ఉగాది బ్యానరు, బతుకమ్మ బ్యానరు, పిల్లల నాటకానికి వెనక తెర.

బయట షాపులో ప్రింటు చేయించుకోవచ్చు కదా అని అడుగుతారు. చేయించాం. మేము పంపిన ఫైలుని వాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కొంచెం సర్దారు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో మన లిపుల సెట్టింగుని విడిగా ఆన్ చెయ్యాలి. చెయ్యకపోతే వత్తులు అక్షరం కిందకి రావు, పొల్లు పెట్టుకుని పక్కన నిలబడతాయి. మేము ‘అమ్మ’ అని పంపితే ‘అమ్‌మ’ అని వచ్చింది. మూడు అడుగుల అక్షరాల్లో. షాపు వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి వాళ్ళకి అది బాగానే కనిపించింది. చదవడం ఇప్పుడే నేర్చుకుంటున్న ఆరేళ్ళ పిల్లకి దాన్ని చూపించి ఏం చెప్పాలి? అందుకే సొంత ప్రింటర్ మాకు సోకు కాదు. బ్లాక్‌బోర్డు ఎంత అవసరమో అదీ అంతే.

ఈ మార్చిలో దానికి మెజెంటా రంగు పోయింది. బ్యానరులో ఎరుపు రావలసిన చోట పసుపు చారలు వచ్చాయి. కమిటీ వాళ్ళు సర్వీసుకి ఫోన్ చేశారు. అవతలి మనిషి యంత్రాన్ని చూడలేదు. ఫోటో కూడా అడగలేదు. “హెడ్ పోయి ఉంటుంది, మోడల్ పాతది, రావడానికే 395 డాలర్లు, హెడ్ మారిస్తే పదకొండు వందలు పైనే, కొత్తది 3,900కి వస్తుంది, కొనుక్కోండి” అన్నాడు. కమిటీ వాళ్ళు తల ఊపారు. మా క్లాసు ఏడాది ఫీజులన్నీ కలిపితే ఆరు వేల డాలర్లు దాటవు. ఆ డబ్బుతోనే హాలు అద్దె కడతాం, ఆ డబ్బుతోనే విజయవాడ నుంచి పిల్లల పుస్తకాలు తెప్పిస్తాం. పుస్తకాల ఖర్చు కన్నా సముద్రం దాటించే ఖర్చు ఎక్కువ. ప్రింటర్ కొంటే ఈ ఏడు పుస్తకాలు రావు. అది ఎవరూ పైకి అనలేదు. నేను అంటున్నాను.

ఇప్పుడు యంత్రం గురించి కొంచెం ఓపిగ్గా చెప్పనివ్వండి. లోపల ఏముందో మనకి తెలియదు కాబట్టే, ‘హెడ్ పోయింది’ అని ఎవరో అంటే ఎంతైనా కట్టేస్తున్నాం.

ఇంక్‌జెట్ అంటే సన్నటి రంధ్రాల్లోంచి సిరా చుక్కలు చిమ్మే యంత్రం. ఒక్కో రంగుకి వందల రంధ్రాలు ఉంటాయి. ఒక్కొక్కటీ తల వెంట్రుక కన్నా సన్నం. ఒక్కో చుక్క కొన్ని పీకోలీటర్లు. పీకోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. (లక్ష కోట్లు అనే మాట తెలుగు వార్తల్లో కుంభకోణాలకి తప్ప ఇంకెక్కడైనా పనికొస్తుందని నాకు తెలియదు.) అంత సన్నటి రంధ్రంలో సిరా ఎండిపోతే ఇక చుక్క రాదు. అందుకని పని లేనప్పుడు హెడ్ ఒక పక్కకి వెళ్ళి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. దాన్ని క్యాపింగ్ స్టేషన్ అంటారు. నేను మూత అనే అంటాను. ఆ మూతకి రెండు పనులు. ఒకటి, గాలి తగలకుండా తేమ నిలపడం. రెండు, క్లీనింగ్ చేసినప్పుడు కింద ఉన్న పంపు ఆ మూతలోంచే సిరాని లాగుతుంది, రంధ్రాలు తెరుచుకుంటాయి. మూత అంచు హెడ్‌కి సరిగ్గా అతుక్కోకపోతే పంపు సిరా బదులు గాలి లాగుతుంది.

ఇంకొక భాగం డంపర్. సిరా ట్యూబుకీ హెడ్‌కీ మధ్య ఉండే చిన్న ప్లాస్టిక్ గది. అందులో ఒక జల్లెడ ఉంటుంది. అక్కడ గాలి చేరితే హెడ్‌కి సిరా సరిగ్గా అందదు. ఇంకొకటి వైపర్. హెడ్ కింది భాగాన్ని తుడిచే రబ్బరు ముక్క. కారు అద్దం తుడిచే దానికి చిన్న చెల్లెలు అనుకోండి. మూత, డంపర్, వైపర్ మూడూ చవకవే. మూడూ రబ్బరూ ప్లాస్టిక్కూ. మూడూ కాలం గడిస్తే అరిగిపోతాయి. హెడ్ మాత్రం ఖరీదు. మరి ఏదైనా తేడా వస్తే ముందు దేన్ని అనుమానించాలి? చవకదాన్ని. ఫోనులో మనిషి ముందు దేన్ని అనుమానించాడు? ఖరీదైనదాన్ని.

ఎలా తేల్చుకోవాలంటే, నాజిల్ చెక్ అని ఒకటి ఉంటుంది. ప్రింటర్ ప్రతి రంధ్రంతో ఒక చిన్న గీత గీసి చూపిస్తుంది. గీత లేని చోట రంధ్రం పని చెయ్యడం లేదన్నమాట. అది ఒక్కసారి కాదు, వరుసగా మూడు సార్లు తియ్యండి. మూడు కాగితాల్లోనూ అవే గీతలు పోతే ఆ రంధ్రాలు మూసుకుపోయి ఉండాలి, లేదా హెడ్‌లో కరెంటు తేడా ఉండాలి. ఒక్కో కాగితంలో ఒక్కో చోట పోతుంటే మాత్రం చాలాసార్లు హెడ్ తప్పు కాదు. సిరా అందడం లేదు, ఎక్కడో గాలి చేరుతోంది. మా మూడు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మొదటి దాంట్లో పైన పోయాయి, రెండో దాంట్లో మధ్యలో, మూడో దాంట్లో పైనా కిందా. నాలుగో తరగతి పిల్ల చూసి చెప్పగలదు. నిజంగానే ఒక పిల్లని అడిగాను, చెప్పింది.

ఫోనులో వచ్చిన ఇంకొక సలహా నాకు ఇంకా ఒళ్ళు మండిస్తోంది. “పవర్ క్లీనింగ్ నాలుగైదు సార్లు చేసి చూడండి.” మూత అతుక్కోనప్పుడు ఎన్నిసార్లు క్లీనింగ్ చేస్తే అన్నిసార్లు గాలే లాగుతుంది. మిగతా రంగులు బాగున్నవి కూడా కలిపి లాగి పారబోస్తుంది. ఆ పారబోసిన సిరా ఒక డబ్బాలోకి వెళ్తుంది. ఆ డబ్బాకి ఒక చిప్పు. చిప్పులో ఒక లెక్క. లెక్క నిండితే యంత్రం ఆగిపోతుంది, కొత్త డబ్బా కొనమంటుంది. చిన్న ప్రింటర్లలో అయితే డబ్బా బదులు లోపల దూదిలాంటి ప్యాడ్ ఉంటుంది, దాని లెక్క నిండితే కొన్ని రకాలు అసలు ప్రింటు చెయ్యడమే మానేస్తాయి. లోపల ప్యాడ్ ఎంత తడిసిందో కొలిచేది ఎవరూ లేరు, లెక్క మాత్రం ఉంటుంది. పాడవడం వేరు, పాడయ్యానని లెక్క చెప్పడం వేరు. ఈ తేడా తెలియకుండా ఎన్ని ప్రింటర్లు రోడ్డు పక్కన చెత్తలో నిలబడ్డాయో!

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. మా క్లాసులో ఒక బాబు వాళ్ళ తాతగారు ఆరు నెలలకని గుంటూరు నుంచి వచ్చారు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేశారు. ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తి మనవడితో పాటు క్లాసుకి వచ్చేవారు, వెనక కుర్చీలో కూర్చునేవారు. ఇలాంటి ప్రింటర్‌ని ఆయన జన్మలో చూడలేదు. నేను మూడు కాగితాలు పెట్టుకుని నిలబడితే దగ్గరికి వచ్చారు.

“ఏమైందమ్మా దీనికి?”

“సిరా సరిగ్గా అందట్లేదు తాతగారూ. గాలి పడుతోంది అనుకుంటున్నాను.”

“డీజిల్ బండి కూడా అంతే. లైనులో గాలి పడితే స్టార్టవదు. గాలి ఎక్కడ పడుతోందో చూడు ముందు. ఇంజను జోలికి తర్వాత పోదాం.”

కమిటీ వాళ్ళందరూ రెండు వారాలు మాట్లాడుకుని చెప్పలేనిది ఆయన నాలుగు వాక్యాల్లో చెప్పారు.

తర్వాతి శనివారం విప్పాం. హెడ్ మూత మీద నుంచి పక్కకి జరిగిన క్షణంలో ప్లగ్ పీకేస్తే క్యారేజీని చేత్తో జరపొచ్చు. జరిపి చూస్తే మూత అంచు చుట్టూ ఎండిన సిరా, పెనం అంచున మాడిన దోశ పిండిలా గట్టిగా పేరుకుని ఉంది. డిస్టిల్డ్ వాటర్‌తో, పోగులు రాని స్వాబులతో మెల్లగా తుడిచాం. (కుళాయి నీళ్ళు వద్దు. అందులో ఉండే లవణాలు ఎండి రంధ్రాల్లో చేరతాయి.) తర్వాత మూత నిండా నీళ్ళు పోసి, కరెంటు పెట్టి, మామూలు క్లీనింగ్ ఒక్కటి చేయించాం. నీళ్ళు పోయాయి. అంటే పంపూ దాని ట్యూబూ బాగానే ఉన్నాయి. కానీ నాజిల్ చెక్ మారలేదు. అంటే పంపు లాగుతోంది, పైన మూత అతుక్కోవడం లేదు. తాతగారు కళ్ళజోడు పైకి జరిపి, వేలి గోటితో రబ్బరు అంచు తడిమి, “ఇదిగో, ఇక్కడ నెర్రె ఇచ్చింది చూడు” అన్నారు. నిజమే. పలచటి గీత. అంతే. “మూత సరిగ్గా పడకపోతే ఆవకాయ జాడీ అయినా బూజు పడుతుంది” అని కూడా అన్నారు.

మూత, వైపర్, డంపర్ల సెట్టు, అన్నీ కలిపి 74 డాలర్లు. పోస్టులో వచ్చాయి. రెండో శనివారం బిగించాం. విప్పిన స్క్రూలు కలిసిపోకుండా వాళ్ళ కోడలు గారి ఇడ్లీ రేకులు తెచ్చారు తాతగారు. ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు, విప్పిన వరుసలో. ఏ రిపేరు వీడియోలోనూ ఇంత మంచి ఉపాయం చూడలేదు. నేను ప్రతి అడుగులో ఫోనుతో ఫోటో తీశాను. ఎన్‌కోడర్ స్ట్రిప్ కూడా తుడిచాం. అది క్యారేజీ వెనక అడ్డంగా ఉండే పారదర్శక పట్టీ, దాని మీద సన్నటి గీతలు చదివి హెడ్ తను ఎక్కడుందో తెలుసుకుంటుంది. దాని మీద గ్రీజు పడితే హెడ్‌కి దారి తెలియదు. మెత్తటి గుడ్డని నీళ్ళతో కొంచెం తడిపి తుడిస్తే చాలు. ఘాటు మందులతో రుద్దితే గీతలే పోవచ్చు.

సాయంత్రం నాలుగింటికి నాజిల్ చెక్‌లో మెజెంటా గీతలన్నీ వచ్చాయి. ఒక్కటి కూడా తగ్గలేదు. అది మే నెల. ఇప్పటిదాకా అలాగే ఉంది.

ఇక భాష సంగతి. అది లేకుండా మీరు నన్ను వదలరు కదా.

ఈ రెండు శనివారాల్లో నేను విన్న తెలుగు నా దగ్గర ఉన్న ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ‘అరిగిపోయింది’ అన్నారు తాతగారు వైపర్ చూసి. అన్నం అరగడం నాకు తెలుసు, రబ్బరు కూడా అరుగుతుందని అప్పుడే తెలిసింది. ‘పట్టేసింది’ అన్నారు ఒక స్క్రూ తిరగకపోతే. మా అమ్మ నడుం పట్టేసిందంటుంది, అదే మాట. ‘నెర్రె’ అంటే నీళ్ళు లేక పొలం పగిలితే వచ్చే పగులు. అది రబ్బరుకి కూడా వస్తుంది. ‘వదులుగా ఉంది’, ‘బిగువుగా ఉంది’, ‘ఇంకో చుట్టు తిప్పు’, ‘అతిగా బిగిస్తే మరలు పోతాయి’. క్లాసులో మనం పిల్లలకి రంగుల పేర్లు, పండ్ల పేర్లు, పండగల పేర్లు నేర్పుతాం. చేతులతో చేసే పని ఏదీ నేర్పం కాబట్టి ఆ పనుల మాటలు రావు. మాకు కొత్త ప్రింటర్ వచ్చి ఉంటే ఒక పెట్టె వచ్చేది, ఇద్దరు మనుషులు మోసేవారు, ఇంగ్లీషులో సంతకం పెట్టేవాళ్ళం. తాతగారు వెనక కుర్చీలోనే ఉండేవారు.

‘విప్పు’ అనే క్రియ చూడండి. మూట విప్పు, స్క్రూ విప్పు, నోరు విప్పు. మనలాంటి వాళ్ళకి చిన్నప్పటి నుంచి నోరు విప్పితే నవ్వేవాళ్ళు. ‘నీ తెలుగు బాగాలేదు, ఇంగ్లీషులోనే చెప్పు’ అని పెళ్ళిళ్ళలో ఎంతమంది అన్నారో మీకూ తెలుసు. ‘నీకు రాదు, ముట్టుకోకు’ అనే ఆ గొంతే ప్రింటర్ దగ్గర మళ్ళీ వినిపించింది. నాకు పట్టిన మొండితనంలో సగం దానివల్లే.

సరే, అభ్యంతరాలు. నాకు వచ్చినవన్నీ చెబుతాను.

“వారంటీ పోతుంది.” మా ప్రింటర్ వారంటీ పోయి ఏళ్ళయింది. పోనివ్వండి, కొత్తదే అనుకుందాం. ఈ దేశంలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. మామూలు జనం వాడుకునే వస్తువుల విషయంలో, మా విడిభాగాలే వాడాలి, మా దగ్గరే రిపేరు చేయించాలి, లేకపోతే వారంటీ లేదు అని కంపెనీ షరతు పెట్టకూడదు. అవి ఉచితంగా ఇస్తే వేరే సంగతి. ‘ఈ స్టిక్కరు చిరిగితే వారంటీ రద్దు’ లాంటి మాటల గురించి 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు పంపింది. అయినా ఆ స్టిక్కరు చూడగానే మన చెయ్యి ఆగిపోతుంది.

“చట్టం ఒప్పుకోదేమో.” ఇది విని నవ్వాను. 2017లో అమెరికా సుప్రీం కోర్టు ఒక కేసు తేల్చింది. లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ, ఖాళీ కార్ట్రిడ్జిలు మళ్ళీ నింపి అమ్మే ఇంప్రెషన్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీ మీద వేసిన కేసు. ఒక వస్తువుని అమ్మేశాక దాని మీద పేటెంటు పట్టు అక్కడితో అయిపోతుందని కోర్టు చెప్పింది. కొన్నవాడిది కొన్నవాడిదే. కానీ కోర్టు చెప్పింది చిప్పు వినదు. అప్‌డేట్ అని ఒకటి వస్తుంది, మీరు నొక్కుతారు, నిన్నటిదాకా తీసుకున్న కార్ట్రిడ్జిని ఇవాళ తీసుకోదు. అందుకే నేను రిపేరు గురించి మాట్లాడేటప్పుడు స్క్రూల గురించే మాట్లాడను.

న్యూయార్క్ రాష్ట్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు చట్టం తెచ్చింది. మినెసోటా, కాలిఫోర్నియా 2023లో తెచ్చాయి. మంచిదే. కానీ న్యూయార్క్ చట్టం, దుకాణాల్లో అందరికీ అమ్మకుండా కంపెనీలు కంపెనీలకే అమ్ముకునే సామాన్లని వదిలేసింది. మంచం అంత ప్రింటర్లు సాధారణంగా ఆ దారిలోనే అమ్ముడుపోతాయి. కొన్నప్పుడు ఆఫీసు సామాను. పాతబడ్డాక అవి ఎక్కడికి వస్తాయి? గుళ్ళకి, చర్చిలకి, స్కూళ్ళకి, మనలాంటి క్లాసులకి. సర్వీసు కాంట్రాక్టు కట్టలేని వాళ్ళ దగ్గరికే రిపేరు హక్కు లేని యంత్రం చేరుతుంది. మా కమిటీ ఎవరికైనా ఉత్తరం రాయాలనుకుంటే మన రాష్ట్ర అసెంబ్లీకి దీని గురించి రాయాలి, ప్రింటర్ డీలరుకి కొటేషను కోసం కాదు.

ప్రింటర్‌తో గొడవ కొత్తదేమీ కాదు. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబులో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు, కాగితం ఇరుక్కున్నప్పుడల్లా అందరికీ కబురు వెళ్ళేలా కొత్త ప్రింటర్‌ని సరిచేద్దామనుకున్నాడు. పాత ప్రింటర్‌కి అలా చేశాడు కూడా. కొత్తదాని సోర్స్ కోడ్ ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు. 1983లో అతను గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి ఆ కోపం ఒక కారణమని తనే చెబుతుంటాడు. ఒక కాగితం ఇరుక్కుంటే ఇంత కథ.

“ప్రమాదం కదా.” ఈ అభ్యంతరాన్ని మాత్రం గౌరవిస్తాను. కొన్నిటిని ముట్టుకోకూడదు. పవర్ సప్లై డబ్బా విప్పకండి, ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. హెడ్‌కి వెళ్ళే పలచటి రిబ్బను కేబులు మీద ఒక్క చుక్క సిరా పడి, అది ఆరకుండా కరెంటు పెడితే మెయిన్ బోర్డు కాలిపోవచ్చు. ఆ కేబులు తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ ప్లగ్ పీకి ఉండాలి, చేతులు పొడిగా ఉండాలి. యూవీ సిరాతో, సాల్వెంట్ సిరాతో నడిచే యంత్రాలు వేరే సంగతి, వాటికి గ్లౌజులు, గాలి ఆడే గది కావాలి. ఇవన్నీ జాగ్రత్తలు. కత్తిపీట కూడా ప్రమాదమే. అందుకని మనవాళ్ళు కూరగాయలు తరగడం మానలేదు.

“రోజంతా ప్రింటు చేసే షాపు అయితే?” షాపుకి ఒక రోజు ఆగితే నష్టం, వాళ్ళు కాంట్రాక్టు కట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. అయినా నరసరావుపేటలో మా పెదనాన్న గారి అబ్బాయి ఫ్లెక్సీ షాపులో పని చేస్తాడు. (మనం బ్యానరు అనేదాన్ని అక్కడ ఫ్లెక్సీ అంటారు.) అతన్ని అడిగాను, “అన్నయ్యా, మీ దగ్గర హెడ్ పోతే ఎవరు మారుస్తారు?” అని. “మేమే. కంపెనీ మనిషి కోసం కూర్చుంటే ఎలక్షన్ సీజను అయిపోతుంది” అన్నాడు. రోజంతా ప్రింటు చేసేవాడి జవాబు అది. నెలకి నాలుగు చార్టులు ప్రింటు చేసే మా కమిటీకి మాత్రం కాంట్రాక్టు కావాలట.

“ఉగాది ముందు రోజు మళ్ళీ పాడైతే ఎవరిది బాధ్యత?” ఇదీ అసలు ప్రశ్న. దీని వెనక భయం ఉంది, యంత్రం గురించి కాదు, మాట పడటం గురించి. కొత్తది కొని పాడైతే కంపెనీ మీదకి నెట్టొచ్చు. మనం బాగుచేసింది పాడైతే మన మీదకి వస్తుంది. నా జవాబు: రానివ్వండి. నా పేరు రాసుకోండి. 3,900 డాలర్లు పెట్టి కొనేది ప్రింటర్ కాదు, నింద వెయ్యడానికి ఒక ఫోన్ నంబరు. ఆ నంబరుకి మార్చిలో ఫోన్ చేశాం కదా, ఏం వచ్చిందో చూశాం.

కొత్తది కొన్నా సరే, అది కూడా ఇంక్‌జెట్టే. దానికీ మూత ఉంటుంది, దాని రబ్బరూ అరుగుతుంది. మా క్లాసు వేసవి సెలవుల్లో రెండు నెలలు మూసి ఉంటుంది. వాడకుండా వదిలేస్తే కొత్త ప్రింటర్ అయినా ఎండిపోతుంది. వారానికి ఒక నాజిల్ చెక్ తియ్యడానికి ఒక మనిషి కావాలి, అది కంపెనీ ఇవ్వదు.

అందుకని వచ్చే మీటింగులో నేను అడగబోయేవి ఇవి. ప్రింటర్ కొనే తీర్మానం వెనక్కి తీసుకోవాలి. ఏడాదికి 150 డాలర్లు విడిభాగాలకని పక్కన పెట్టాలి, మూతా వైపరూ ఒక జత ఎప్పుడూ బీరువాలో ఉండాలి. వేసవిలో కూడా వారానికి ఒకసారి హాలు తాళం తీసి నాజిల్ చెక్ తియ్యడానికి వంతులు వేసుకోవాలి, మొదటి నాలుగు వారాలు నావి. పెద్ద పిల్లల క్లాసులో నెలకి ఒక గంట విప్పడం, తుడవడం, బిగించడం తెలుగులో నేర్పాలి. తాతగారి వీసా సెప్టెంబరు దాకా ఉంది. ఆయన్ని అడిగాను, సరే అన్నారు. ఒక్క షరతు పెట్టారు. ఇడ్లీ రేకులు ఇంకొక సెట్టు కొనాలట, కోడలు గారు తమవి వెనక్కి ఇమ్మంటున్నారు.